ముందు చెక్క ఆరనివ్వండి, లేత్ తర్వాత కొనొచ్చు

మీరు అడిగినవి నాలుగు. రిటైరయ్యారు, విజయవాడలో మేడ మీద రేకుల షెడ్డు ఖాళీగా ఉంది, అందులో చెక్క టర్నింగ్ లేత్, అంటే చెక్క ముక్కని గిరగిరా తిప్పుతుంటే ఉలితో చెక్కుకునే మిషను, పెట్టుకుందామని ఉంది. ఏ లేత్ కొనాలి? ఏ చెక్క వాడాలి? ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే ఆ లక్క మెరుపు ఇంట్లో వస్తుందా? వచ్చే మాఘంలో మనవరాలి ఓణీల వేడుకకి వచ్చినవాళ్లందరికీ 150 కుంకుమ భరిణెలు నా చేత్తో చేసి పంచగలనా?

చివరిదానికి జవాబు ముందే చెప్పేస్తానండీ. 150 కుదరవు. పదో పదిహేనో అయితే చక్కగా కుదురుతాయి. మీ చేతికి పని పట్టుబడదని కాదు, చెక్కకి ఆరే టైము చాలదని. ఇప్పుడు శ్రావణంలో ఉన్నాం, మాఘానికి ఆరు నెలలు కూడా లేవు. లేత్ వారంలో ఇంటికొస్తుంది, ఉలి పట్టుకోవడం రెండు నెలల్లో వస్తుంది. పచ్చి చెక్క మాత్రం ఎవరి ముహూర్తం కోసమూ తొందరపడదు.

లేత్ సంగతి క్లుప్తంగా. మీ షెడ్డుకి మినీ లేత్ చాలు. పది అంగుళాల వ్యాసం వరకూ తిరిగేది, రెండు కొసల మధ్య పదిహేను, పద్ధెనిమిది అంగుళాలు చోటున్నది, కనీసం అర హెచ్‌పీ మోటారు, వేగం మార్చుకునే నాబ్ ఉన్నది చూడండి. ఎంత వేగంగా తిరుగుతుందో అందరూ అడుగుతారు. మీరు ఎంత నెమ్మదిగా తిరుగుతుందో అడగండి. 500 ఆర్‌పీఎం (నిమిషానికి 500 చుట్లు) దగ్గరికి దిగకపోతే గుండ్రంగా లేని ముక్కని దాని మీద ఎక్కించడం ప్రమాదం. మంచం కోళ్లు, మెట్ల కటకటాలు తీసే పెద్ద లేత్‌లు పాతవి చవగ్గా వస్తాయని ఎవరో చెప్పారని రాశారు. నిజమే, వస్తాయి. కానీ చాలావాటికి బెల్టు మీద కవరు ఉండదు, స్పిండిల్ (తిరిగే ఇరుసు) మర ఏ కొలతదో అమ్మేవాడికే తెలియదు. భరిణె లోపల గుల్ల చేయాలంటే ముక్కని ఒక కొసే పట్టుకునే నాలుగు దవడల చక్ కావాలి, ఆ చక్ ఆ మరకి ఎక్కాలి. అక్కడే చిక్కు. ఇంకొకటి, మేడ స్లాబు మీద లేత్ పెడితే కింది గదిలో దడదడ వినిపిస్తుంది. స్టాండు కింద మందపాటి రబ్బరు షీటు వేసి, కింది అరలో రెండు ఇసుక బస్తాలు పెడితే చాలావరకూ తగ్గుతుంది. ఎర్తింగు సరిగ్గా ఉన్న ప్లగ్ పాయింటు విడిగా లాగించుకోండి.

డబ్బంతా లేత్ మీదే పెట్టేయకండి. సగం ఉలులకీ గ్రైండరుకీ ఉంచండి. హైస్పీడ్ స్టీల్‌వి ఐదు ఉలులు చాలు: ముక్కని గుండ్రం చేసే రఫింగ్ గౌజ్, వంపులు తీసే స్పిండిల్ గౌజ్, ఏటవాలు అంచున్న స్క్యూ, కోసి వేరుచేసే పార్టింగ్ టూల్, గుల్ల చేయడానికి ఒక గుండ్రటి స్క్రేపర్. స్క్యూ మొదట్లో మిమ్మల్ని ఏడిపిస్తుంది, పక్కన పెట్టేయకండి. రఫింగ్ గౌజ్‌తో గిన్నెలు మాత్రం తీయొద్దు. పిడిలోకి దూరే దాని తోక సన్నం, గిన్నె అంచు కొట్టిన దెబ్బకి విరిగి మొహం మీదకొస్తుంది.

ఉలి పదును తగ్గిందని చెప్పేది పొట్టు. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చినట్టు చుట్టలు చుట్టుకుంటూ రాలితే ఉలి కోస్తోందన్నమాట. పిండిలా దుమ్ము రేగుతుంటే ఉలి గీకుతోంది, ఆపి సాన పట్టండి. కొత్తవాళ్లు గంటల తరబడి ఎమ్రీ పేపరుతో తంటాలు పడేది చాలావరకూ మొండి ఉలి వల్లే. మామూలు బెంచ్ గ్రైండరుకి తెల్ల చక్రం వేయించి, కోణం మారకుండా పట్టుకునే జిగ్ ఒకటి పెట్టుకుంటే ఆ బాధ పోతుంది.

ఇక చెక్క. ఎక్కువ రాయాల్సింది దీని గురించే.

మీ పక్కనే కొండపల్లి ఉంది కదా, అక్కడి పొణికి చెక్క వాడొచ్చా అని అడిగారు. వద్దండి. కొండపల్లిలో గానీ నిర్మల్‌లో గానీ బొమ్మని చేత్తో చెక్కుతారు, విడిభాగాలు అతుకుతారు, రంగు వేస్తారు. ఆ పనికి పొణికి లాంటి తేలికపాటి మెత్తటి చెక్క సరిగ్గా సరిపోతుంది. లేత్ మీద తిప్పితే అంత మెత్తని చెక్క నున్నగా తెగదు, పీచు లేస్తుంది. లేత్ బొమ్మలకి మన దగ్గర పేరున్నది అంకుడు. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున తరతరాలుగా తిప్పుతున్నది దాన్నే, కర్ణాటకలో చన్నపట్న వాళ్లు వాడేదీ అదే చెట్టు. తెల్లగా ఉంటుంది, నార సన్నం, చారలు పెద్దగా కనిపించవు కాబట్టి పైన ఏ రంగు వేసినా శుభ్రంగా నిలుస్తుంది. కానీ విజయవాడలో టింబరు డిపోకి వెళ్లి అంకుడు అడిగితే దొరకదు.

మీకు దొరికేది టేకు. ఫర్నిచర్ షాపుల్లో, తలుపులు చేసే వర్క్‌షాపుల్లో కటింగ్ ముక్కలు గోనెసంచిలో వేసి ఉంటాయి. రెండున్నర అంగుళాల చదరం, నాలుగు అంగుళాల పొడుగు ఉన్నవి ఏరుకోండి. అవి పాత దూలాలవో, ఏళ్ల తరబడి డిపోలో ఎండినవో అయితే మీ ఆరు నెలల సమస్య సగం తీరినట్టే. టేకులో ఇసుక గుణం ఉంటుంది, ఉలి పదును త్వరగా పోతుంది, ఆ ఒక్కటే బాధ. వేప బాగా తిరుగుతుంది, పొట్టు వాసనకి రెండు రోజులు నోరు చేదుగా ఉంటుంది. నిద్రగన్నేరు పెద్ద గిన్నెలకి మంచిది, చెట్టు పడిపోతే మునిసిపాలిటీ వాళ్లు కోసి పడేస్తుంటారు. పనస చెక్క పచ్చగా మెరుస్తుంది, బొబ్బిలి వీణలు చేసేది దాంతోనే. చింత గట్టిది, మొదటి ఆరు నెలలు దాని జోలికి పోవద్దు. ఎర్రచందనం ముక్క ఇస్తామని ఎవరైనా అంటే దండం పెట్టి వచ్చేయండి. కాగితాలు లేకుండా చిన్న ముక్క ఇంట్లో ఉన్నా అటవీ శాఖతో తలనొప్పే.

పచ్చి కొమ్మ దొరికినా పారేయకండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది. దాన్ని గుండ్రంగా అలాగే వదిలేస్తే మధ్యలోని బెండు నుంచి అంచుదాకా నెర్రె తీస్తుంది. అందుకే బెండు మీదుగా నిలువునా రెండు చెక్కలు చేసి ఆ బెండు భాగం తీసేయాలి. కొసల నుంచి తేమ వేగంగా పోతుంది, పక్కల నుంచి నెమ్మదిగా పోతుంది, ఆ తేడాకే పగుళ్లు. కొసలకి కరిగించిన మైనం గానీ పాత పెయింటు గానీ ఫెవికాల్ గానీ రెండు పూతలు పూయండి. తర్వాత నీడలో, గాలి తగిలేచోట, కింద పుల్లలు పెట్టి పేర్చండి. మీ రేకుల షెడ్డులో రేకు కిందే పెడితే ఆ వేడికి రెండు వారాల్లో పగులుతుంది, కింది గదిలో మంచం కింద పెట్టడం నయం.

ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? అంగుళం మందానికి ఏడాది అని పాత లెక్క ఒకటి ఉంది. పలకలకి అది పనికొస్తుంది, చిన్న ముక్కలకి అంత పట్టదు. వంటింటి కాటా తీసుకుని ముక్క మీదే పెన్సిల్‌తో తేదీ, బరువు రాయండి. ప్రతి ఆదివారం తూచి దాని కింద రాస్తూ పొండి. మొదట్లో వారానికి పదేసి, ఇరవయ్యేసి గ్రాములు పోతుంది, తర్వాత రెండు గ్రాములు, తర్వాత ఏమీ పోదు. వరసగా మూడు నాలుగు వారాలు అదే అంకె వస్తే మీ ఊరి గాలికి ఎంత ఆరాలో అంత ఆరినట్టు. తేమ మీటరు ఉంటే పన్నెండు శాతం దరిదాపుల్లో చూపిస్తుంది. వర్షాకాలంలో తూస్తే మాత్రం కొంచెం అనుమానంతోనే చూడండి, కార్తీకం వచ్చాక ఇంకాస్త దిగుతుంది.

భరిణెకి ఇంత పట్టింపు ఎందుకంటే, మూత. చెక్క తడి కోల్పోయేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. ఇవాళ గుండ్రంగా తీసిన మూత పది రోజుల్లో కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. కింది గిన్నె ఇంకో తీరుగా తిరుగుతుంది. చేసినరోజు సరిగ్గా పట్టిన మూత ఓణీల రోజుకి ఎక్కదు, లేదా ఎక్కితే రాదు.

చేసే వరస ఇది. చెట్టు నిలువునా పెరిగిన దిశ లేత్ పొడుగునా ఉండేలా ముక్కని రెండు కొసల మధ్య బిగించి గుండ్రం చేయండి. రెండు కొసలా చక్ పట్టుకోవడానికి చిన్న బుడిపె తీయండి. పై మూడో వంతు దగ్గర, ఉన్నవాటిలోకెల్లా సన్నటి పార్టింగ్ టూల్‌తో కోయండి. సన్నగా కోస్తే మూత మీది చార కింది భాగం చారతో కలుస్తుంది, చూసినవాళ్లు ఎక్కడ తెరవాలా అని వెతుక్కుంటారు. మూతని చక్‌లో పట్టించి ముందు దాన్ని గుల్ల చేయండి. మూత లోపలి అంచు నిట్టనిలువుగా ఉండాలి, లోపలికి ఏటవాలుగా పోతే తర్వాత ఎంత తంటాలు పడ్డా మూత నిలవదు. తర్వాత కింది భాగం పట్టించి, పైన మూత లోపలికి దూరే కంఠం ఆరేడు మిల్లీమీటర్ల ఎత్తున తీయండి. కొంచెం కొంచెం తీస్తూ, ప్రతిసారీ లేత్ ఆపి, మూత పెట్టి చూస్తూ పోవాలి. మొదట బిగువుగా ఎక్కేలా ఉంచితే, ఆ బిగువు మీదే మూత పైభాగం తిప్పి నునుపు చేసుకోవచ్చు. అంతా అయ్యాక చివర్లో కంఠాన్ని వెంట్రుకవాసి తగ్గించాలి.

మీ టేకు ముక్క ఎంత పాతదైనా సరే, ఈ పని ఒక్కరోజులో ముగించకండి. మొదటిరోజు మూతా గిన్నే రెండూ లోపల ముతకగా గుల్ల చేసి, గోడ ఎనిమిది, పది మిల్లీమీటర్లు ఉంచి, రెండు మూడు వారాలు పక్కన పెట్టేయండి. గుల్ల చేయగానే లోపల దాగిన తేమ బయటికొస్తుంది, తిరగాల్సిన వంకర అప్పుడే తిరిగిపోతుంది. తర్వాత మళ్లీ చక్‌కి ఎక్కించి చివరి కొలతకి తీయండి. మనకి నేర్పించే వీడియోల్లో చాలావాటిలో ఇది కనిపించదు, వాళ్లకి వీడియో ఆరోజే పూర్తవ్వాలి.

మూత బిగువు మీద నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. టర్నింగ్ చేసేవాళ్లలో మూత తీస్తే ‘టప్’ మనాలని ఒక సరదా ఉంది. పనితనం చూపించడానికి అది బాగుంటుంది. కానీ కుంకుమ భరిణె ఎలా వాడతారు? పొద్దున్నే స్నానం చేసి, తడి చేత్తో, దేవుడి గూట్లో పెట్టిన భరిణె మూత ఒక్క చేత్తో తీస్తారు. బిగువుగా ఉంటే భరిణె మొత్తం లేచి వస్తుంది, కుంకుమ దేవుడి పటాల మీద పడుతుంది. ఒక్క చేత్తో మూత ఎత్తితే గిన్నె కదలకూడదు, తల్లకిందులు చేస్తే మూత జారాలి. ఆ వదులే సరైన వదులు. మూత మీద పట్టుకోవడానికి చిన్న గుండు ఉండాలి, అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి. లోపల రెండు పూతలు లక్క పాలిష్ వేయకపోతే కుంకుమ చెక్కలోకి దిగిపోతుంది.

ఇప్పుడు లక్క. ఇది పెయింటు కాదు, బ్రష్షుతో వేసేదీ కాదు. మోదుగ, రేగు, కుసుమ లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే బంక ఇది. దాన్ని నిప్పు సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి, రంగు అంతటా ఒకేలా పట్టేదాకా చేసి కడ్డీలు చేస్తారు. ఏటికొప్పాకలో చూస్తే తెలుస్తుంది: నునుపు చేసిన బొమ్మ లేత్ మీద తిరుగుతూ ఉండగా ఆ కడ్డీని దానికి అదిమి పడతారు. రాపిడి వేడికే లక్క కరిగి చెక్కకి పట్టుకుంటుంది. మొదట గీతలు గీతలుగా, అక్కడక్కడా ఉండలుగా ఉంటుంది. వెంటనే ఎండిన మొగలి ఆకు ముక్క మడిచి తిరిగే బొమ్మకి ఒత్తితే, ఆ ఉండలన్నీ సర్దుకుని ఒక్కసారిగా అద్దంలా మెరుపు వస్తుంది. ఆ క్షణం దగ్గర నిలబడి చూడాల్సిందే.

ఇంట్లో వస్తుందా అంటే, వస్తుంది. వేగం మరీ తక్కువైతే లక్క కరగదు, మరీ ఎక్కువైతే మాడి ఎగిరిపడుతుంది. రెండు అంగుళాల ముక్కకి 1500 ఆర్‌పీఎం దగ్గర మొదలుపెట్టి చెవికీ చేతికీ నచ్చినచోట ఆగండి. చెక్క మీద ముందుగా నూనె గానీ సీలరు గానీ ఉండకూడదు. తడి ఉన్న చెక్క మీద లక్క నిలవదు, కొన్ని వారాలకి పొరలా లేస్తుంది. మళ్లీ అదే మాట, ఆరిన చెక్క. టేకు గోధుమరంగు మీద పసుపు లక్క మురికిగా కనిపిస్తుంది. రంగుల భరిణెలు కావాలంటే అంకుడు ముక్కలు ఏటికొప్పాక నుంచే అడిగి తెచ్చుకోండి. టేకుకి రంగు లేని లక్క పాలిష్ చాలు: చపడా లక్క రేకుల్ని స్పిరిట్‌లో నానబెట్టి మన పాలిష్ మేస్త్రీలు వేసేదే. వేడి గ్లాసు కింద పెట్టే పళ్లేలకి మాత్రం ఏ లక్కా వద్దు, డెబ్బై, ఎనభై డిగ్రీల దగ్గరే మెత్తబడి గ్లాసుకి అంటుకుంటుంది.

రంగుల్లో ఏటికొప్పాకకి పేరు తెచ్చింది చెట్టు రంగులు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు లాంటివాటితో లక్కకి రంగులు పట్టించడం మీద ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మీరు పిల్లలకి లక్కపిడతల సెట్టు చేయాలనుకుంటే ఈ రంగులే వాడండి, రసాయన రంగుల పొట్లాల్లో సీసం ఉందో లేదో ఇంట్లో తేల్చలేం. మూడేళ్లలోపు పిల్లలకైతే ఏ ముక్కా 32 మిల్లీమీటర్ల గొట్టంలో పూర్తిగా దూరేంత చిన్నది కాకూడదు. లక్కపిడతల్లో చాలావరకూ దూరతాయి, కాబట్టి ఆ సెట్టు పెద్ద పిల్లలకే.

జాగ్రత్తలు, తప్పకుండా చదవండి. లుంగీతో, భుజం మీద తువ్వాలుతో, పొడుగు చేతుల చొక్కాతో లేత్ దగ్గరికి రావొద్దు. గ్లౌజులు అసలే వద్దు, వేలు లాక్కుపోతుంది. పాలిష్ పట్టడానికి గుడ్డ పీలిక కూడా వద్దు, టిష్యూ పేపరు వాడండి, చిక్కుకుంటే చిరిగిపోతుంది. మొహానికి పూర్తి షీల్డు పెట్టుకోండి, కళ్లజోడు చాలదు. స్విచ్ వేసేముందు ముక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి టూల్ రెస్టుకి (ఉలి ఆనించుకునే కడ్డీకి) తగలట్లేదని చూడండి, స్విచ్ వేసేటప్పుడు ముక్కకి ఎదురుగా కాక పక్కకి నిలబడండి. ఉలిని ముందు టూల్ రెస్టు మీద ఆనించి, ఆ తర్వాతే చెక్కకి తాకించండి. దుమ్ముని తేలిగ్గా తీసుకోకండి. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది. ఎన్‌95 మాస్కు, కిటికీ దగ్గర బయటికి గాలి లాగే ఫ్యాను, రెండూ ఉండాలి. పాత జిట్రేగి ముక్కలు దొరికితే అందంగా తిరుగుతాయి గానీ దాని దుమ్ముకి కొందరికి దద్దుర్లు వస్తాయి. అవిసె నూనె వాడిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది, తీగ మీద పరిచి ఆరనివ్వండి.

లేత్ రాగానే భరిణె మొదలుపెట్టకండి. ముందు బొంగరాలు తిప్పండి. తర్వాత పప్పుగుత్తి. నవ్వొచ్చినా సరే, పప్పుగుత్తిలో అన్నీ ఉన్నాయి: కింద గుండు, మధ్యలో సన్నటి మెడ, పైన పొడుగు పిడి, పిడి కొసన చిన్న పూస. స్పిండిల్ గౌజ్, స్క్యూ రెండూ దానితోనే చేతికొస్తాయి. పిడి సన్నబడేకొద్దీ ముక్క ఊగుతుంది, అప్పుడు ఎంత తేలిగ్గా ఉలి పట్టాలో తెలుస్తుంది. దానికి పాలిష్ ఏమీ వేయొద్దు, మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ కాస్త రాస్తే చాలు. కొబ్బరినూనె, వేరుశనగనూనె రాస్తే కొన్నాళ్లకి కంపు కొడతాయి. చుట్టాలింటికి షోపీసు పట్టుకెళ్తే షోకేసులో పెడతారు, పప్పుగుత్తి ఇస్తే మర్నాడు పొద్దున్నే వాడతారు.

ఇక ఆ 150. అలవాటైన చేతికి కూడా రెండు విడతల్లో చేస్తే ఒక్కో భరిణెకి రెండు మూడు గంటలు పడుతుంది, కొత్తలో ఇంకా ఎక్కువ. వేడుక దగ్గరపడేకొద్దీ మీరు తొందరపడతారు, తొందరలోనే వేళ్లు తెగుతాయి. మనవరాలికి, మీ అక్కచెల్లెళ్లకి, వియ్యాలవారికి, పురోహితుడి గారింటికి మీరు చేసినవి ఇవ్వండి. మిగతావి ఏటికొప్పాకలో ఆర్డర్ చెప్పండి. అక్కడివాళ్లు మీరు రోజంతా కూర్చుని చేసే భరిణెని మాటల్లో ఉండగానే తీసి పక్కన పెడతారు, అది వాళ్ల బతుకుతెరువు కూడా. విజయవాడ నుంచి వైజాగ్ రైలెక్కి యలమంచిలిలో దిగితే ఊరు దగ్గరే. ఒకసారి వెళ్లి రండి, వాళ్ల ఉలి కోణం, మొగలి ఆకు పట్టే తీరు కళ్లతో చూస్తారు, అంకుడు ముక్కలు అడిగి తెచ్చుకుంటారు, ఆర్డరూ ఇచ్చేస్తారు. చెట్టు రంగులే కావాలని, మూత వదులుగా ఉండాలని స్పష్టంగా చెప్పండి. మాఘంలో పెళ్లిళ్లు ఎక్కువ కాబట్టి దసరా లోపే అడ్వాన్సు ఇచ్చి రండి, సంక్రాంతి దాటాక అడిగితే ఎవరికీ ఖాళీ ఉండదు.